సందేహలక్ష్మి, బి.ఎస్సీ. నర్సింగ్

ఆ అమ్మాయికి అసలు పేరు ఒకటుంది గానీ ఇక్కడ దానితో పని లేదు. రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో, గుఢియారీలో, అటు భిలాయి సెక్టార్లలో, తెలుగువాళ్ళు నాలుగిళ్ళు కట్టుకున్న ప్రతి వీధిలోనూ ఒక్కో అమ్మాయి ఉంది. నేను అందరినీ కలిపి సందేహలక్ష్మి అంటాను. నాలుగేళ్ళ చదువు అయింది, ఇంటర్న్‌షిప్ అయింది, నర్సుల కౌన్సిల్లో రిజిస్ట్రేషన్‌కి కాగితాలు వెళ్ళాయి. ఆ కాగితాలు వెళ్ళడానికీ మొదటి డ్యూటీ ఎక్కడానికీ మధ్య ఉండే కాలాన్ని పెద్ద పెద్ద పుస్తకాల్లో ఏమంటారో తెలీదు. మా కాలనీలో మాత్రం "ఇంట్లోనే ఉందండీ" అంటారు.

వాళ్ళ తాత పార్వతీపురంలో రైలెక్కి ఇక్కడ దిగినవాడు. 1931లో రాయ్‌పూర్–విజయనగరం లైను పూర్తయ్యాక ఆ పట్టాల వెంబడే ఉత్తరాంధ్ర నుంచి చాలా కుటుంబాలు వచ్చేశాయి. అప్పుడు రాయ్‌పూర్‌లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, ఇప్పుడు సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే. బోర్డు మీద పేరు మారింది గానీ ఆ ఇంట్లో లోకాన్ని కొలిచే బద్ద మారలేదు. తండ్రి దృష్టిలో ఉద్యోగాలు రెండే రకాలు: రైలు పాసు ఇచ్చేవి, పాసు ఇవ్వనివి. కూతురికి నర్సింగ్‌లో సీటొచ్చిన రోజున ఆయన అడిగిన మొదటి మాట, "రైల్వే ఆసుపత్రిలో నర్సులుంటారు కదా?" ఉంటారు. రైల్వే బోర్డు పరీక్షలో నెగ్గితే నర్సింగ్ సూపరింటెండెంట్, ఏడో పే లెవెల్, మూలవేతనం 44,900. ఆ పూట నుంచి ఆయన ఆ అంకెను అల్లుడి జీతం చెప్పినంత ధీమాగా చెబుతున్నాడు. అప్పటికి నోటిఫికేషనూ రాలేదు, అల్లుడూ రాలేదు.

సందేహలక్ష్మిని గుర్తుపట్టడానికి చేతిలో ఉండే నోటుబుక్కే ఆనవాలు. పేజీకో దారి. పైన పరీక్ష పేరు, ఎడమవైపు లాభాలు, కుడివైపు నష్టాలు, అడుగున ఎర్ర ఇంకుతో సందేహం. లాభాలు రెండు లైన్లకు మించవు. సందేహం మాత్రం అట్ట మీదకి కూడా పాకుతుంది.

మొదటి పేజీ ఎయిమ్స్‌ది. తాటీబంద్‌లో, జీఈ రోడ్డు పక్కన 2012లో మొదలైన ఎయిమ్స్ ముందు నుంచే ఆమె రోజూ కాలేజీకి వెళ్ళొచ్చింది. ఎదురుగా కనబడుతోంది కదా, లోపలికి వెళ్ళి అడిగేద్దామంటే కుదరదు. 2020 నుంచి దేశంలోని ఎయిమ్స్‌లకి కలిపి నార్సెట్ అని ఒకే పరీక్ష పెట్టారు. రాయ్‌పూర్‌లో కూర్చుని రాసిన అమ్మాయి దేవ్‌ఘర్‌లో తేలవచ్చు. ఇక్కడ పుట్టిన సందేహం ఇదీ: "మంగళగిరో బీబీనగరో వస్తే ఏం చెయ్యాలి?" అదేమిటమ్మా, అవి మన తెలుగు ఊళ్ళేగా అంటే, "అందుకే భయం" అంటుంది. ఇంట్లో శ్రీకాకుళం యాస, బళ్ళో హిందీ, వార్డులో ఛత్తీస్‌గఢీ. మూడూ కలిసిన ఆమె తెలుగులో రోగిని పలకరిస్తే, "పెద్దమ్మా, ఏటి పిరావత్ హే?" అని వస్తుంది. గుంటూరు పెద్దమ్మ లేచి వెళ్ళిపోదూ?

రెండో పేజీ పల్లె ఆరోగ్య కేంద్రంలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ ఉద్యోగం. ప్రభుత్వానిది, బి.ఎస్సీ. నర్సింగ్ వాళ్ళకి ఇస్తారు. సందేహం: "అక్కడ డాక్టరుండడట. పాము కరిచినవాణ్ణి తెస్తే వాళ్ళంతా నా వైపు చూస్తారు. నేనెవరి వైపు చూడాలి?" ఈ సందేహానికి నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ప్రభుత్వం దగ్గర కూడా పూర్తి జవాబు ఉందనుకోను.

మూడో పేజీ జర్మనీ. హైదరాబాద్‌లో ఉన్న పిన్ని ఫోన్ చేసి, తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి మరీ పంపిస్తోందని చెప్పినప్పటి నుంచి ఈ పేజీ తెరుచుకుంది. ఫోన్లో పాఠాలు మొదలయ్యాయి. ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు వచ్చేశాయి. ఆ తర్వాత బల్లకీ కుర్చీకీ లింగభేదాలు వచ్చాయి. బల్ల మగదట, గడియారం ఆడదట. "మందు తప్పుగా ఇస్తే రోగి పోతాడు, సరే. బల్లని ఆడది అంటే ఎవరు పోతారు?" అని వారం పాటు ఆలోచించి పేజీ మూసింది. మూసిందే గానీ చింపలేదు. గల్ఫ్ పేజీ, అమెరికా పేజీ కూడా అలాగే చింపకుండా ఉన్నాయి. సందేహలక్ష్మి దేన్నీ చింపదు.

ఇక సలహాల సంగతి. నర్సింగ్ చదివిన పిల్ల ఉన్న ఇంటికి కాలింగ్ బెల్ దండగ. తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. పొద్దున్నే ఎదురింటి మామయ్య వచ్చి, "ఏటమ్మా, ఇంకా ఇంట్లోనే ఉన్నావేటి? ఆ నర్సు పనేటమ్మా, బీఈడీ సేసుకుంటే పోయేది కదా. రాత్రి డ్యూటీలూ, రోగాలూ..." అని ఒక ఉపన్యాసం ఇస్తాడు. ఇచ్చి, చొక్కా చెయ్యి పైకి మడిచి, "సరే గానీ, ఓ పాలి బీపీ సూడు" అంటాడు. ఆయన బీపీ నూట యాభై దాటి ఉంటుంది. ఉప్పు తగ్గించమంటే, "అది డాక్టరు సెప్పాలి గానీ నువ్వు సెప్తే ఎలాగ?" అని నవ్వి, టీ తాగి వెళ్ళిపోతాడు. మధ్యాహ్నం వెనకింటి అత్త ఆసుపత్రి నుంచి వచ్చిన డిశ్చార్జి కాగితాలు తెస్తుంది. ఏ మాత్ర తినే ముందు, ఏ మాత్ర తిన్నాక అనే పంచాయితీ అక్కడే తేలాలి. రాత్రి తొమ్మిదింటికి ఎవరో ఒకరు మందుల షాపు నుంచి సూదీ సీసా కొనుక్కుని తిన్నగా వచ్చేస్తారు. చీటీ లేకుండా ఇంజెక్షన్ వెయ్యనని ఆమె అంటే, "ఏటి, సదువుకున్నావనా?" అని అలుగుతారు. చదువుకోబట్టే వెయ్యనంటోంది పాపం.

ఏ డాక్టరు దగ్గరా అయిదు నిమిషాల కన్నా ఎక్కువ దొరకని జనానికి ఈ ఇంటి అరుగు మీద గంటసేపు ఓపీ నడుస్తుంది. ఫీజు ఒక సలహా.

సంబంధాలవాళ్ళ వరస ఇంకొకటి. మొన్న దుర్గ్ నుంచి వచ్చినవాళ్ళు ముందుగా, "నైట్ డ్యూటీలుంటాయా?" అని అడిగారు. ఉంటాయన్నారు. "పెళ్ళయ్యాక మానేస్తుందా?" ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు పెళ్ళికొడుకు తల్లి సర్దుకుని, "మానేసినా నష్టం లేదులెండి. నాకు షుగర్, మా ఆయనకి పక్షవాతం, మా అత్తగారు మంచం మీదే. ఇంట్లో ఓ నర్సు ఉంటే నిశ్చింతగా ఉంటుంది" అంది. సందేహలక్ష్మి తల్లి నెమ్మదస్తురాలు. కాఫీ కప్పులు తీస్తూ, "అయితే వదినగారూ, డే డ్యూటీ కూడా ఉంటుందన్నమాట" అంది. ఆ సంబంధం అక్కడితో ఆగిపోయింది.

ఈ జాతిలో మగవాళ్ళు లేరనుకోకండి. సందేహరావు కూడా ఉన్నాడు. వాళ్ళ నాన్న ఎవరైనా అడిగితే "మావాడు మెడికల్ లైన్" అని చెప్పి వెంటనే వర్షాల సంగతి ఎత్తుకుంటాడు. అతని సందేహాలకు కనీసం కాగితపు ఆధారం ఉంది. ఎయిమ్స్ నర్సింగ్ పోస్టుల్లో నూటికి ఎనభై ఆడవాళ్ళకు. ఛత్తీస్‌గఢ్‌లోనైతే 2021లో నర్సింగ్ కాలేజీల అధ్యాపక పోస్టులకు ప్రకటన వేస్తూ మొత్తం ఆడవాళ్ళకే అన్నారు. నూటికి నూరు శాతం చెల్లదని బిలాస్‌పూర్ హైకోర్టు 2023లో కొట్టేసింది. ఆ తీర్పు వచ్చిన రోజు సందేహరావు ఇంట్లో మిఠాయిలు పంచాడు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు, వాడు ఆ పోస్టుకి దరఖాస్తే చెయ్యలేదు.

ఇవన్నీ పగటి సందేహాలు. పదిమంది ముందు చెప్పుకోదగ్గవి. అసలు సందేహాలు రాత్రి పదకొండు తర్వాత వస్తాయి. అవి నోటుబుక్కులో ఉండవు. నరంలోకి క్యాన్యులా మొదటిసారే పడుతుందా? పడకపోతే రోగి తరఫు వాళ్ళు ఏమంటారు? లాగ్‌బుక్కులో సంతకాలన్నీ ఉన్నాయి గానీ, వాటిలో ఎన్ని నా చేత్తో చేసినవి, ఎన్ని వెనక వరసలో నిలబడి తొంగిచూసినవి? లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కించాలి, సెట్టు మిల్లీలీటరుకు ఇరవై చుక్కలది, అయితే నిమిషానికి ఎన్ని? నలభై రెండు. పక్క మీద లేచి కూర్చుని మళ్ళీ లెక్కేస్తుంది. నలభై రెండే. అయినా ఫోన్ తీసి దానిలో కూడా వేసి చూస్తుంది. నలభై ఒకటి పాయింట్ ఆరు ఆరు అని వస్తుంది. ఇక ఆ రాత్రి నిద్ర లేదు. పాయింట్ మూడు మూడు చుక్క ఎక్కువ వెళ్తే ఏమవుతుంది?

ఇదేదో మన కాలనీ పిల్లకే పట్టిన రోగం అనుకుంటారేమో. అమెరికాలో మార్లీన్ క్రేమర్ అనే నర్సింగ్ ఆచార్యురాలు కొత్త నర్సులు ఉద్యోగాలు ఎందుకు వదిలేస్తున్నారో చూసి, 1974లోనే ఒక పుస్తకం రాసింది. కాలేజీలో చెప్పిన నర్సింగ్ ఒకటి, వార్డులో కనబడేది ఇంకొకటి. ఆ రెంటి మధ్యా పడిపోతున్నారని ఆమె తేల్చింది. సందేహలక్ష్మి తల్లి కూడా అప్పటికి పుట్టలేదు. యాభై ఏళ్ళు దాటినా ఆ రెండూ ఇంకా కలవలేదు. కాలేజీలో ఒక మంచం పక్కన ఎనిమిది మంది విద్యార్థినులు నిలబడతారు. వార్డులో ఒక్క నర్సు చుట్టూ ఇరవై మంచాలుంటాయి. లెక్క సరిగ్గా తిరగబడుతుంది.

దీపం పట్టుకుని ప్రమాణం చేయించేటప్పుడు ఫ్లోరెన్స్ నైటింగేల్ కథ చెబుతారు గానీ సగమే చెబుతారు. ఆవిడకి దేవుడి సేవ చెయ్యాలన్న పిలుపు 1837లో వచ్చింది. మొదటి ఉద్యోగం 1853లో లండన్ హార్లీ వీధిలో దొరికింది. మధ్యలో పదహారేళ్ళు ఆవిడ కూడా "ఇంట్లోనే ఉందండీ". సందేహాలు ఆవిడవి కావు, ఇంటిల్లిపాదివీ. ఇంత గొప్ప ఇంటి పిల్ల ఆసుపత్రిలో పనేమిటని తల్లీ అక్కా ఏడ్చిపోయారు. చివరికి 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌కి వెళ్ళి మూడు నెలలు శిక్షణ తీసుకుని వచ్చింది. అంటే పిన్ని చెప్పిన జర్మనీ సలహా కూడా కొత్తదేమీ కాదు.

ఇంతకీ మన పిల్ల ఒక రోజు ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఊళ్ళో ఒక ప్రైవేటు ఆసుపత్రి, పేరు వద్దు. కోటు వేసుకున్న కుర్రాడు సర్టిఫికెట్లు తిరగేసి, "ఎక్స్‌పీరియన్స్?" అన్నాడు. లేదంది. "ఎక్స్‌పీరియన్స్ లేకుండా ఉద్యోగం ఎలా?" అన్నాడు. "ఉద్యోగం లేకుండా ఎక్స్‌పీరియన్స్ ఎలా?" అని ఆమె అడగలేదు. అడగాల్సిన మాట ఎప్పుడూ ఇంటికి వచ్చాకే తడుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచాలన్నాడు, బాండు రాయాలన్నాడు, ఆ తర్వాత ఓ అంకె చెప్పాడు. ప్రైవేటు నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు చెప్పగా 2016లో కేంద్రం ఒక కమిటీ వేసింది. యాభై పడకల లోపు ఆసుపత్రిలోనైనా ఇరవై వేలకు తగ్గకూడదనీ, రెండు వందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ ఆ కమిటీ సిఫారసు చేసింది. కుర్రాడు చెప్పిన అంకె విన్నాక ఆమె ఆసుపత్రి మెట్లు దిగుతూ పడకలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అది అలవాటుగా వచ్చిన లెక్క అనుకున్నాను గానీ కాదు. నా ఉద్దేశంలో ఈ పిల్లల సందేహాల్లో ముప్పాతిక ఆ అంకెలోంచి పుట్టినవే. నెలాఖరున చేతిలో పడేది సరిగా ఉంటే మిగతా సందేహాలు వాటంతటవే సర్దుకుంటాయి. ధైర్యం చెప్పే ఉపన్యాసాలకు కొదవ లేదు, జీతం పెంచే కాగితానికే కొదవ.

పోనీ ప్రభుత్వ ఉద్యోగమైతే పూలబాటా అంటే, 2018 వేసవి గుర్తున్నవాళ్ళు నవ్వుతారు. జీతం గ్రేడు పెంచమని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ నర్సులు సమ్మెకు దిగితే అత్యవసర సేవల చట్టం ఎస్మా ప్రయోగించి, అరెస్టులు చేసి, రాయ్‌పూర్ సెంట్రల్ జైలుకు పంపారు. ఆ కథ విన్న రోజున సందేహలక్ష్మి నోటుబుక్కు తీసి ప్రభుత్వ ఉద్యోగం పేజీలో, నష్టాల కింద "జైలు?" అని రాసుకుంది. పక్కన ప్రశ్నార్థకం వేసింది. ప్రశ్నార్థకం లేకుండా ఆమె తన పేరు కూడా రాయదు.

చివరికి ఏ ఆసుపత్రిలో చేరిందంటే, బాండు అడగనిదానిలో చేరింది. వెతికితే అలాంటివి కూడా ఉన్నాయి. నాయనమ్మ మాత్రం రాయ్‌పూర్ జనం "మేకాహారా" అని పిలుచుకునే పెద్దాసుపత్రిలో, అదే అంబేడ్కర్ ఆసుపత్రిలో, మనవరాలికి పని రాలేదని ఏడాది పాటు సంతోషపడింది. "మేకలకి మేత పెట్టే చోట ఆడపిల్లకేటి పని?" అని ఆవిడ ధర్మసందేహం. సందేహాలు ఆ ఇంట్లో తాతముత్తాతల ఆస్తి.

మొదటి వారం వార్డులో ఏం జరిగిందో ఆమే చెప్పింది. సికిల్ సెల్ కుర్రాడు, పన్నెండేళ్ళుంటాయి, నొప్పితో వచ్చాడు. ఛత్తీస్‌గఢ్‌లో ఈ జబ్బు చూడకుండా నర్సు కావడం కుదరదు. చిన్నప్పటి నుంచీ సూదులు తిని తిని వాళ్ళ నరాలు దొరకవు. సందేహలక్ష్మి ట్రేలో పసుపు రంగు క్యాన్యులా, అంటే ఇరవై నాలుగో నంబరుది, పెట్టుకుని ఎడమ చెయ్యి చూసింది, కుడి చెయ్యి చూసింది, మళ్ళీ ఎడమ చెయ్యి చూసింది. అంత నొప్పిలోనూ ఆ కుర్రాడు ఓపిగ్గా చూసి చూసి, "దీదీ, అక్కడ వద్దు, పోయినసారి అది పగిలింది. ఇదిగో, ఇక్కడ" అని మణికట్టు పక్కన వేలు పెట్టి చూపించాడు. పడింది, మొదటిసారే. నాలుగేళ్ళలో పాఠం చెప్పినవాళ్ళలో ఇంత సూటిగా చెప్పినవాళ్ళు లేరని ఆమె అభిప్రాయం.

పక్కన మలయాళీ సీనియర్ సిస్టర్ ఉంది. రాయ్‌పూర్‌లో ఏ ఆసుపత్రికి వెళ్ళినా అలాంటి సిస్టర్ ఒకావిడ ఉంటుంది, ఆసుపత్రి ఆవిడ మీదే నిలబడి ఉంటుంది. హిందీని మలయాళంలా, మలయాళాన్ని ఇంకా వేగంగా మాట్లాడుతుంది. చుక్కల గొట్టం వైపు ఒక్క చూపు చూసి, గడియారం చూడకుండానే సరిపోయిందో లేదో చెప్పేస్తుంది. సందేహలక్ష్మి ఆవిడని రోజుకు యాభై ప్రశ్నలు వేస్తుంది. ఇన్సులిన్ సిరంజిలోకి తీసి, "సిస్టర్, ఒకసారి చూస్తారా?" పొటాషియం సీసా తీసి, "సిస్టర్, ఇదేనా?" రోగి చేతికి కట్టిన పట్టీ మీద పేరు చదివి, కేస్ షీట్ మీద పేరు చదివి, ఆ మనిషిని కూడా పేరడిగి, ఆ మీదట మాత్ర ఇస్తుంది. రోగి విసుక్కుని, "నిన్నటి నుంచీ నేనే కదమ్మా ఈ మంచం మీద" అన్నా వదలదు.

మూడో రోజున ఆమె భయం భయంగా, "ఎక్కువ ప్రశ్నలు వేస్తున్నానా సిస్టర్?" అని అడిగిందట. అది కూడా ప్రశ్నే. ఆవిడ తలెత్తకుండా చార్టు రాసుకుంటూ, "ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం ఇద్దరు చూడాలని రూలు. నువ్వొక్కదానివే ఇద్దరిలా చూస్తున్నావు. వెళ్ళు, ఆరో మంచం బెల్ కొడుతోంది" అంది.

ఆవిడ మాట నాకు నచ్చింది. ఆసుపత్రిలో పడుకున్నప్పుడు నా మంచం దగ్గరకు ఏ సందేహమూ లేని నర్సు వస్తే నేను భయపడతాను. ఇంట్లో గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు వెనక్కి వచ్చి చూసే పిల్ల, ముందు నుంచీ ఈ ఉద్యోగం చేస్తూనే ఉంది, జీతం లేకుండా. కొత్త పిల్లలకు మొదటి మూడు నెలలు అలాంటి సీనియర్ని ఒకరిని పక్కన నిలబెట్టే ఆసుపత్రి ఎంత పెద్దదని అడగకుండా చేరిపోవచ్చు. అలా నిలబెట్టనిది అయిదంతస్తులైనా అనవసరం.

నోటుబుక్కు ఇంకా ఉంది. రైల్వే పేజీ, నార్సెట్ పేజీ, జర్మనీ పేజీ అన్నీ ఉన్నాయి. కొత్తగా ఇంకో పేజీ చేరింది: ఎమ్మెస్సీ నర్సింగ్ చెయ్యాలా, వద్దా? ఎదురింటి మామయ్య దానికి కూడా జవాబు సిద్ధం చేసుకున్నాడు.

అయితే కాలనీవాసులకు ఒక మనవి. ఈ వారం ఆమెకి నైట్ డ్యూటీలు. పొద్దున్న తొమ్మిదికి వచ్చి పడుకుంటుంది. సలహాలున్నవాళ్ళు సాయంత్రం నాలుగు దాటాక రావాలి. బీపీ చూపించుకునేవాళ్ళు కూడా అప్పుడే రండి, ఉప్పు తగ్గించి.